మా అన్న నడిపిన ఇంజను

నేనిది వ్రాయుచున్న బల్లమీద జానెడు పొడవైన ఒక రైలు ఇంజను నిలిచియున్నది. అది ఆటవస్తువు కాదు. మా యింట చిన్నబిడ్డలు లేరు. పూజకు పెట్టుకొనిన ప్రతిమయు కాదు. డెబ్బది యేండ్లు దాటిన మనుష్యుడు కండ్లద్దాలు పెట్టుకొని, సన్నని కుంచెతో బొమ్మ ఇంజనుకు మసి పూయుచు కూర్చుండుట చూచి మా సంఘపు పెద్ద యొకరు, "పంతులుగారూ, లోకములో ఉన్న మసి చాలలేదా?" అని నవ్విరి. ఆయన మాటలో తప్పులేదు. అయినను ఆ మసి నాకు నేర్పిన సంగతి యొకటి కలదు. అది చెప్పుటకు సిగ్గుగానే యున్నది. చెప్పకుండుట అంతకంటె సిగ్గు.

మొదట ఇంజను సంగతి చెప్పెదను. అది డబ్ల్యు.డి.ఎం.2 అను జాతి డీసెలు ఇంజనుకు 87వ వంతు నమూనా. అసలు ఇంజను పొడవు 17 మీటర్ల చిల్లర. నా బల్లమీద అది 20 సెంటీమీటర్లకు కొంచెము తక్కువ. అసలుదాని బరువు దాదాపు 112 టన్నులు. బలము 2600 గుఱ్ఱముల బలము. వీటిలో మొదటివి 1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీనుండి వచ్చినవి. 1964నుండి వారణాసి కర్మాగారములో మనవారే వాటిని చేయ నారంభించిరి. అటుతరువాత ముప్పది యేండ్లకు పైగా ఈ దేశములో ప్రయాణికుల బండ్లను, సరకుల బండ్లను ఈ జాతి ఇంజను లాగని దిక్కులేదు.

మా ప్రాంతపు రైలుదారి మీలో కొందరికి తెలిసియేయుండును. గుంటూరునుండి దొనకొండ, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభము, గిద్దలూరు దాటి, దిగువమెట్ట దగ్గర నల్లమల యడవిలో ప్రవేశించి, చలమ, గాజులపల్లె మీదుగా నంద్యాలకు దిగి, గుంతకల్లుకు పోవును. పూర్వము అది మీటరు గేజి దారి. అడవిలో దొరబావి అనుచోట లోయమీద కట్టిన ఎత్తైన వంతెనమీదుగా బండి మెల్లగా పోవుచుండగా ప్రయాణికులు కిటికీలలోనుండి తల బయట పెట్టుటకు భయపడెడివారు. 1990ల దశాబ్దములో బ్రాడ్ గేజి వేసినప్పుడు అక్కడ దారియే మారిపోయెను. ఇప్పుడు దారి పొడవునను పైన తీగెలు వచ్చినవి. విద్యుత్తు ఇంజనులు పొగలేకుండ పోవుచున్నవి. మా అన్న ఈ దారిమీద బొగ్గు ఇంజనులో కొలిమికి బొగ్గు వేయు ఫైర్‌మన్‌గా మొదలుపెట్టి, డీసెలు అసిస్టెంటై, డ్రైవరై, పెద్ద గేజిమీద సరకుల బండ్లు నడిపి విశ్రాంతి పుచ్చుకొనెను. 2011లో ప్రభువునొద్దకు చేరెను.

మా తండ్రి మార్కాపురములో పలకల కార్ఖానాలో పని చేసెను. ఈ ఊరి పలకలు పట్టుకొని అక్షరములు దిద్దిన బిడ్డలు ఎన్ని జిల్లాలలో ఉన్నారో చెప్పలేము. మా యింట మాత్రము పలక అనగా దుమ్ము. తండ్రి తల, కనుబొమలు, పంచె సాయంకాలమునకు బూడిదరంగుగా నుండెడివి. అన్న రైలులో చేరిన తరువాత ఆ దుమ్ము ప్రక్కన మసి వచ్చి చేరెను. వారిద్దరి కష్టముచేత నేను చదువుకొని, తెల్లచొక్కా తొడుగుకొని, బడిపంతులనైతిని. తెల్లచొక్కా తొడిగినవానికి వచ్చు రోగము నాకును వచ్చెను.

1978లో నా వివాహము. దేవాలయములో ఆరాధన ముగిసి, ఆవరణలో కుర్చీలు వేసి, ఫొటో తీయుటకు అందరిని నిలువబెట్టుచుండిరి. అన్నకు ఆ రాత్రి డ్యూటీ పడెను, సెలవు దొరకలేదు. బండి దిగి, ఇంటికి పోకుండ, సరాసరి దేవాలయమునకు వచ్చెను. ఖాకీ చొక్కా బొగ్గుతో నూనెతో నల్లబడి యుండెను. ముఖము కడుగుకొనినాడు గాని కండ్లచుట్టు కాటుకవలె మసి నిలిచియుండెను. నా అత్తవారి తరఫు బంధువులు పట్నవాసులు. నేను అన్నదగ్గరకు పోయి, చెవిలో, "బట్టలు మార్చుకొని రాకూడదా?" అంటిని. ఇల్లు రెండుమైళ్ల దూరము. అతడు నా ముఖము చూచి, "మీరు కానియ్యండి. ఎండ ఎక్కుతున్నది" అని వేపచెట్టు క్రిందికి పోయి నిలిచెను. నేను ఫొటో తీయువానికి చేయి ఊపితిని. ఆ ఫొటో నలువది యేండ్లకు పైగా మా యింటి గోడకు ఉన్నది. అందులో అందరు ఉన్నారు.

ఆ సంగతి అన్న యెన్నడు ఎత్తలేదు. నేనును ఎత్తలేదు. తరువాత అతని ముప్పది మూడేండ్ల జీవితములో ఎత్తుటకు సమయము లేకపోలేదు.

ఇక నమూనా సంగతి. అన్న కుమారుడు సికిందరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. అతడు రెండేండ్ల క్రిందట త్రీడీ ప్రింటరుతో చేసిన ఒక ప్లాస్టిక్ డొల్లను, దానిక్రింద పెట్టు చక్రముల బండిని తెచ్చి, "చిన్నాయనా, మీకు చేతిపని తెలుసు గదా, నాన్న ఇంజనుగా చేసిపెట్టండి. అమ్మకు ఇవ్వాలి" అనెను. నేను బడిలో పిల్లలచేత అట్టబొమ్మలు చేయించినవాడను. ఇదేమంత పని అనుకొంటిని. ఎంత పనియో చేసినప్పుడు తెలిసినది.

డొల్లకు ఆకారము మాత్రమే యుండును. చేతికమ్ములు, మెట్లు, గాలిగొట్టములు, కిటికీ తుడిచెడి కడ్డీలు, హారను, ఇవన్నియు మనము విడివిడిగా చేసి పెట్టవలెను. అసలు ఇంజనుకు చేతికమ్మి అంగుళమున్నర లావు ననుకొనిన యెడల, 87వ వంతున అర మిల్లీమీటరుకు తక్కువ. విద్యుత్తు తీగెలోని సన్నని రాగి పోగులను సాగదీసి, పలకమీద దొర్లించి తిన్నగా చేసి, కాలిన సూదితో రంధ్రములు పొడిచి నిలిపితిని. బ్రేకు గొట్టములకు నల్లతీగెల తొడుగు పనికివచ్చెను. దీపమునకు గాజుపూస. ఒక చిన్న అబద్ధమును మాత్రము సహింపవలసి వచ్చెను: మన పెద్ద గేజి పట్టాల నడుమ దూరము 1676 మిల్లీమీటర్లు. ఈ కొలతలో అది 19 మిల్లీమీటర్లకు పైన ఉండవలెను. అంగడిలో దొరకు చక్రములన్నియు పరదేశపు గేజి ననుసరించి 16.5 మిల్లీమీటర్లకు చేసినవి. కనుక నా ఇంజను కొంచెము కాళ్లు దగ్గరపెట్టి నిలిచియున్నది. తెలిసినవారు చూచి నవ్వుకొందురు గాక.

ముదురు ఎఱుపు రంగు వేసి, నడుమ లేతపసుపు పట్టీ తీసి, మెరుగు వార్నీషు పట్టించి, క్రిస్మసు పండుగకు వదినగారికి చూపితిని. ఆమె కండ్లకు దగ్గరగా పెట్టుకొని చాలసేపు చూచి, "బాగున్నది అబ్బాయీ. పెండ్లికొడుకులాగున్నది. మీ అన్న ఇంజనెప్పుడు ఇట్లా లేదు" అనెను. ఆమె సహజముగా అన్నమాట అది. నాకు ఎక్కడ తగిలెనో ఆమెకు తెలియదనుకొంటిని.

ఇంటికి వచ్చి, ఆ మెరుగంతయు చెడగొట్టుటకు కూర్చుంటిని. ఇట్లు నమూనాలకు వాడుక మరకలు పెట్టువారు లోకములో చాలమంది కలరు. వారి పద్ధతులు తెలిసికొంటిని. తైలవర్ణమును టర్పెంటైనులో పలుచగా కలిపి పూసి, గుడ్డతో పైనుండి క్రిందికి తుడిచినయెడల సందులలో నలుపు నిలుచును. స్పాంజి ముక్కను గోధుమరంగులో ముంచి, కాగితముమీద ఇంచుమించు ఆరిపోవువరకు అద్ది, అంచుల మీద తాకించిన యెడల రంగు పెచ్చులూడినట్లు కనబడును. పొడిరంగులు కుంచెతో చల్లి, పైన మెరుపులేని వార్నీషు చిమ్మిన యెడల ధూళి నిలుచును. నేను ఈ మూడును చేసితిని. ఒకసారి కాదు, వారము దినములు చేసితిని. తలుపులమీద త్రుప్పు, కప్పుమీద త్రుప్పు, పసుపు పట్టీమీద నూనె చారలు, కిటికీల మీద మట్టి. నాకు తృప్తి కలుగలేదు. ఇంకను పూసితిని. ఆ రాత్రులలో నేను ఇంజనుకు మరకలు పెట్టుచుంటినో, నా మనస్సాక్షికి గోనెపట్ట కట్టుచుంటినో ఇప్పుడు చెప్పలేను.

వదినగారు దానిని చూచి ముఖము త్రిప్పుకొనెను. "ఇది షెడ్డు వెనుక మూలబడిన ఇంజను. ఎవరు నడుపుతారు దీన్ని? మీ అన్న బండి ఎక్కగానే నూలుపీచుతో అద్దము, కమ్ములు తుడిచేవాడని ఆయన అసిస్టెంటు పిల్లవాడు నాతో చెప్పేవాడు. ఆయనకు ఇంత అసహ్యము పూస్తావా?" అనెను.

చదువరీ, ఆ రాత్రి నాకు గిబియోనీయులు జ్ఞాపకము వచ్చిరి. యెహోషువ గ్రంథము తొమ్మిదవ అధ్యాయములో వారి చరిత్ర మీరు చదివియుందురు. వారు ఇశ్రాయేలీయుల పాళెమునకు దగ్గరనే కాపురమున్నవారు. చాల దూరదేశమునుండి వచ్చినట్లు నమ్మించి సంధి చేసికొనుటకై పాత గోనెలు, చినిగి కుట్టిన తిత్తులు, అతుకులు వేసిన చెప్పులు, బూజుపట్టిన రొట్టెలు సమకూర్చుకొని వచ్చిరి. ఎంత నేర్పుగల పనివారో చూడుడి! చెప్పు ఎక్కడ అరుగునో, తిత్తి ఎక్కడ పగులునో వారికి తెలియును. వారు నడువని దారి వారి కాళ్లమీద కనబడుచున్నది. ఇశ్రాయేలు పెద్దలు ఆ రొట్టెను చూచి నమ్మిరి; దేవుని నడుగలేదు. మూడు దినములకు నిజము బయటపడెను.

బాల్యమునుండి ఆ అధ్యాయము చదివినప్పుడెల్ల నేను ఆ పెద్దలను తప్పుపట్టుచుంటిని. ఇప్పుడు బల్లమీద ఇంజనును చూడగా, ఆ చెప్పులు కుట్టినవాడను నేనే. ఫొటోలో అన్నకు చోటియ్యనివాడు, అతడు చనిపోయిన తరువాత అతని కష్టమును తన చేతితో కల్పించి, తాను ఎంత పశ్చాత్తాపపడుచున్నాడో చూపుకొనుటకు ప్లాస్టిక్ డొల్లకు త్రుప్పు పూయుచున్నాడు. ప్లాస్టిక్కుకు త్రుప్పు పట్టునా? శుభ్రమైన ఇంజను ఒక అబద్ధము. ఇది రెండవ అబద్ధము, కన్నీళ్లు పెట్టుకొని వచ్చినది.

స్పిరిటులో గుడ్డ ముంచి మొత్తము తుడిచివేసితిని. రెండు చేతికమ్ములు ఊడిపోయినవి. ఎఱుపు రంగుకూడ కొన్నిచోట్ల పోయెను.

మరుసటి వారము గిద్దలూరునకు పోయితిని. అక్కడ అన్నతో పని చేసిన ఒక పెద్ద డ్రైవరుగారు కాపురమున్నారు. ఎనుబదికి దగ్గరైన వయస్సు. నేను తుడిచిన ఇంజనును రుమాలులోనుండి తీసి ఆయన ముందర పెట్టి, "అయ్యా, మసి ఎక్కడ పడును?" అని అడిగితిని. ఆయన ఆశ్చర్యపడలేదు. ప్రశ్న సరియైనది అన్నట్లు, కుర్చీ ముందుకు లాగుకొనెను.

ఆ మధ్యాహ్నము నేను నేర్చుకొనిన పాఠములో కొంత మీకును చెప్పెదను, ఏలయనగా అది నాకు ప్రసంగమువలె నుండెను. ఆల్కో ఇంజనుకు గాలిని లోపలికి నెట్టు టర్బో యంత్రము పొగ బలముచేతనే తిరుగును. డ్రైవరు చేతిపిడిని ఎనిమిది మెట్లలో పైకి త్రిప్పగానే నూనె వెంటనే వచ్చును గాని, టర్బో వేగము పుంజుకొని గాలి ఇచ్చుటకు కొంత ఆలస్యమగును. ఆ కొద్ది సమయములో నూనె సరిగా మండక నల్లని పొగయై పైకి లేచును. కనుక మసి పొగగొట్టపు నోటిచుట్టు దట్టముగా నుండి, కప్పుమీద పలుచబడుచు పోవును. ఈ ఇంజను రెండు దిక్కులకును నడుచును, కాబట్టి మసి గొట్టమునకు ఇరువైపులను ఉండవలెను; నేను ఒకవైపే పూసియుంటిని. త్రుప్పు రంగు దేహముమీద కాదు, క్రింద చక్రముల చట్రము మీద: ఇనుప బ్రేకు దిమ్మెలు అరిగి రాలిన పొడియే అక్కడ త్రుప్పుపట్టి గోధుమరంగుగా పేరుకొనును. నూనెతొట్టి 5000 లీటర్లు పట్టును. అది నింపు మూతిక్రింద మాత్రము తడిచార యుండి, దానికి ధూళి అంటుకొనియుండును. చక్రము ప్రక్కలు నల్లన, పట్టామీద దొర్లు అంచు మాత్రము వెండివలె తెల్లన. దిగువమెట్ట దాటి ఎక్కుడు ఎక్కునప్పుడు చక్రములు జారకుండ పట్టాలమీద ఇసుక వదలుదురు. ఇసుకగొట్టముల దగ్గర తెల్లని పొడి.

"త్రుప్పు ఇంత ఇంత పెచ్చులు పెట్టినానండి" అని చెప్పగా ఆయన నవ్వి, "మీరు పంతులు గదా, లెక్క వేయండి. ఇక్కడ ఒక మిల్లీమీటరు మరక పెడితే అక్కడ అది ఎంత?" అనెను. 87 మిల్లీమీటర్లు. ఇంచుమించు నా అరచేయి వెడల్పు. నేను ఇంజను పొడవునను అరచేతులంత గాయములు పెట్టియుంటిని.

అప్పుడు ఆయన తన వ్రేలితో కిటికీ క్రింద తాకి, "ఇక్కడ రంగు మాయదు, అరిగిపోతుంది. మోచేయి" అనెను. డ్రైవరు ఎడమవైపున కూర్చుండును. సిగ్నలు ఆ ప్రక్కన ఉండును గనుక. ఇంజను ఎటు పోయినను అతనికి ఎడమవైపు స్థానము దొరకునట్లు రెండు నడుపు బల్లలు ఉండును. కాబట్టి రెండు కిటికీల క్రిందను అరుగుదల.

ఇంటికి వచ్చి వదినగారితో ఈ మాట చెప్పగా ఆమె, "అది నన్ను అడిగితే చెప్పేదాన్ని గదా. ఆయన ఖాకీ చొక్కాలన్నిటికి ఎడమ మోచేతి దగ్గర ముందు చిరుగు పట్టేది. కుడిచేయి కొత్తగానే ఉండేది. ఎన్ని మాసికలు వేసినానో" అనెను. గిద్దలూరు పోకముందే నేను అడుగవలసిన మనిషి నా యెదుటనే యుండెను. నలువది యేండ్లు ఆ బట్టలు ఉతికినది ఆమె. ఏ మరక ఏ పనివలన వచ్చెనో ఆమెకు తెలిసినంత షెడ్డులోని ఫోర్‌మన్‌కు తెలియదు.

మూడవసారి పని మెల్లగా చేసితిని. ఒక మరక పెట్టక ముందు, ఇది ఎందువలన వచ్చినది అని నన్ను నేనడిగికొనుచుంటిని. జవాబు లేనియెడల కుంచె క్రింద పెట్టుచుంటిని. ధూళికి మాత్రము రంగుపెట్టెలోని బూడిదరంగు ఏదియు కుదరలేదు. మార్కాపురము దుమ్ము మార్కాపురము దుమ్మే. విరిగిన పలకముక్కను తడిచేసి రాతిమీద అరగదీసి, ఆరబెట్టి, పలుచని గుడ్డలో జల్లించి, కొంచెము ఎఱ్ఱమట్టి చేర్చి వాడితిని. పొడిగా నూరలేదు, పలకదుమ్ము ఊపిరికి ఎంత చెరుపో మా తండ్రి దగ్గు విన్నవానికి చెప్పనక్కరలేదు. ముక్కుకు గుడ్డ కట్టుకొని ఆ పొడిని చక్రములమీద చల్లుచుండగా, తండ్రి కనుబొమలు కంటికి కనబడెను. తండ్రి దుమ్ము, అన్న మసి ఒకచోట చేరుట చిన్నతనమున మా యింటి వాకిట చూచినదే.

కిటికీ క్రింద రంగును అగ్గిపుల్ల చివరతో రుద్ది, ఎఱుపు పలుచబడి క్రింది పూత లీలగా కనబడునట్లు చేసితిని. జొన్నగింజలో సగమంత స్థలము. ఇంజను మొత్తములో నాకు నిజమైన తృప్తి నిచ్చినది అదియొక్కటే. అక్కడ నేను ఏమియు పూయలేదు.

తోమాకు ప్రభువు కనబడిన దినమును గూర్చి ఆ పని చేయుచు చాలసార్లు తలంచితిని. మరణమును జయించి లేచిన శరీరమునకు ఏ మచ్చయు లేకుండ చేసికొనుట ఆయనకు కష్టమైన పని కాదు. అయినను మేకుల గుర్తులతో, ప్రక్కలోని గాయముతో లోపలికి వచ్చెను; వాటిని మూసికొనక, చూడుమని చేతులు చాపెను. తోమా గుర్తుపట్టినది ఆ గుర్తులనుబట్టియే గదా. ప్రసంగములలో మేము తోమా యవిశ్వాసమును గూర్చియే యెక్కువ చెప్పుదుము. ఆ చేతుల సంగతి తక్కువ చెప్పుదుము. 1978లో దేవాలయపు ఆవరణలో నా యెదుట నిలిచిన చేతులను నేను చూచి, పట్నపు బంధువులకు కనబడకుండ చేయవలెనని చూచితిని. ఆ రాత్రి ఆ చేతులు వేసిన బొగ్గుతో ఎన్ని వందలమంది క్షేమముగా ఇల్లు చేరిరో నేను లెక్క వేయలేదు. లెక్కల పంతులను!

మొన్న ఈస్టరు తరువాతి ఆదివారము ఇంజనును వదినగారి యింటికి తీసికొనిపోయితిని. చేతిలో పెట్టక ముందే, పెండ్లినాటి ఫొటో సంగతి చెప్పితిని. చెవిలో నేనన్న మాటను, వేపచెట్టును, నేను చేయి ఊపుటను, అంతయు చెప్పితిని. ఇన్ని యేండ్లకు చెప్పుచున్నానని క్షమాపణ అడిగితిని. ఆమె కొంతసేపు ఊరకయుండెను. తరువాత, "నాకు తెలుసు అబ్బాయీ. నేనక్కడే ఉన్నాను గదా, రెండో వరసలో. ఇంటికి వచ్చి ఆ చొక్కా రెండుసార్లు నానబెట్టి ఉతికినాను. ఆయన ఏమీ అనలేదు. నేనూ అడగలేదు" అనెను.

అంతకంటె ఆమె ఏమియు చెప్పలేదు. నేను మరేమియు అడుగలేదు.

ఇంజనును కిటికీ వెలుతురుకు త్రిప్పి చూచెను. గొట్టము చుట్టు మసి చూచెను; చక్రములక్రింద దుమ్ము చూచెను; కిటికీ క్రింద అరిగిన స్థలముమీద చిటికెనవ్రేలు పెట్టెను. నంబరు ఏదియని అడిగెను. అన్న ఎన్నో ఇంజనులు నడిపెను గనుక ఏ నంబరు వేయవలెనో తెలియక ఆ స్థలము ఖాళీగా విడిచితినని చెప్పితిని. "అట్లాగే ఉండనీ" అనెను. అటుపిమ్మట, తప్పు పట్టుకొనిన బడిపంతులువలె, "నీళ్ల సంచి ఏది?" అనెను.

వేసవిలో అన్న ఒక మందపు గుడ్డసంచిలో నీళ్లు నింపి, ఇంజను గది బయట కమ్మికి గాలి తగులునట్లు వ్రేలాడగట్టెడివాడట. గిద్దలూరు వచ్చుసరికి కుండలోని నీళ్లవలె చల్లగా నుండెడివట. పెద్ద డ్రైవరుగారు ఈ సంగతి చెప్పలేదు, నాకును తెలియదు.

ఇంజను మరల నా బల్లమీదికి వచ్చినది అందుకే. వదినగారు పెట్టెలో వెదకి పాత ఖాకీ చొక్కానుండి అంగుళము ముక్క కత్తిరించి యిచ్చిరి, ఎడమచేతి వైపునుండి. ఈ కొలతలో ఆ నేత ముతక యగును. దారములు విడదీసి పలుచన చేయవలెను. సంచి పొడవు నాలుగైదు మిల్లీమీటర్లకు మించకూడదు. ఉదయపు వెలుతురులో మాత్రమే నా కండ్లకు ఆ పని సాధ్యము.